మేడమెట్ల మీద చెప్పులు

డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చుకోవాలంటే ఎవరైనా మెట్లెక్కుతారు. నిత్యానందం మాస్టారు మాత్రం చెప్పులెక్కాలి. మెట్టుకి నాలుగు జతలు. కొన్ని బోర్లా, కొన్ని వెల్లకిలా, కొన్నిటికి ఎడమది ఒక మెట్టు మీదా కుడిది ఇంకో మెట్టు మీదా. వానాకాలమైతే జతకి అరకేజీ కొల్లేటి బురద.

"సొంతింట్లో కాలు పెట్టే చోటు లేక గోడ పట్టుకుని పాకాలా రాజకుమారీ?" అని ఆయన ఆరేళ్ళుగా భార్యని అడుగుతూనే ఉన్నారు.

"అద్దెకిచ్చింది ఎవరండీ?" అని ఆవిడా ఆరేళ్ళుగా అంటూనే ఉంది.

ఇచ్చింది ఆయనే. ఏలూరు పవర్‌పేటలో కింద వాళ్ళుండే పోర్షను, పైన ఇంకో పోర్షను. దోనె గుర్తు పార్టీ వాళ్ళొచ్చి జిల్లా ఆఫీసుకి కావాలన్నారు. పైన పార్టీ ఉంటే కింద కుళాయి బాగా వస్తుందని మాస్టారు లెక్కేశారు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, లెక్క తప్పలేదు. పార్టీ గెలిచింది. కుళాయి వచ్చింది. సిమెంటు రోడ్డు కూడా సరిగ్గా ఆయన గేటు దాకా వచ్చి, అక్కడ అలిసిపోయినట్టు ఆగిపోయింది. "మనకి రాజకీయాలు పడవండీ, వాళ్ళకి నేను ఓటే వెయ్యలేదు" అని చర్చిలో చెప్పేవారు. పెళ్ళిళ్ళకెళ్తే మాత్రం, "మా మేడ మీద వాళ్ళదేనండి గవర్నమెంటు" అని సాంబారు వడ్డించేవాడికి కూడా చెప్పేవారు.

ఆఫీసులోకి చెప్పులతో రాకూడదని రూలు పెట్టింది జాకబ్. జూట్ మిల్లులో చేసి రిటైరైన మనిషి. పార్టీ పుట్టినప్పటి నించీ ఉన్నాడు గానీ పదవంటూ ఏదీ లేదు. గది తుడవడం, టీ తేవడం, జెండా ఎగరెయ్యడం. గోడమీద పార్టీ పెట్టిన పెద్దాయన ఫొటో ఉంది కాబట్టి మంత్రిగారైనా సరే మెట్ల మీదే విప్పాలన్నాడు. మంత్రిగారు విప్పారు. అవి పోయాయి. అది వేరే సంగతి.

ఈమధ్య ఎన్నికలప్పుడు టీవీలో రకరకాల సర్వేలు చెప్పారు. మాస్టారికి వాటితో పని లేకపోయింది. నామినేషన్ల నాడు మెట్ల మీద అరవై జతలు. ప్రచారం సగంలో ముప్ఫై ఒకటి. పోలింగ్ ముందురోజు పదకొండు. "వీళ్ళు పోయారు రాజకుమారీ" అని బట్టల బుట్ట దింపుతూ చెప్పారు. పోయారు. ఓడిన మర్నాడు మూడు జతలున్నాయి, అందులో ఒకటి తెగిపోయిందని ఎవరో వదిలేసింది.

ఓటమికి బాధ్యత వహిస్తున్నానని పెద్దాయన రాజీనామా చేశారు. ఆ బాధ్యత ఎవరికిచ్చి వెళ్ళారో చెప్పలేదు. దాంతో రాష్ట్రానికి ఇద్దరు అధ్యక్షులు తేలారు. ఇద్దరూ జిల్లాకి చెరొక అధ్యక్షుణ్ణి వేశారు. ఒకరు తాడేపల్లిగూడెం రైసుమిల్లు అబ్బులుగారు. ఇంకొకరు గణపవరం చేపల చెరువుల పాపారావుగారు. ఆ ఊళ్ళు ఇప్పుడు ఏ జిల్లాలో ఉన్నాయని అడక్కండి. వీళ్ళది పాత జిల్లా లెక్కే. కొత్త జిల్లాలకి సరిపడా మనుషుల్లేరు.

ఒక సోమవారం పొద్దున్న అబ్బులుగారొచ్చి ఆఫీసు తలుపు పైగడియకి తన తాళం వేశారు. సాయంత్రం పాపారావుగారొచ్చి కింది గడియకి తన తాళం వేశారు. ముందు ఎవరు తీస్తే వాళ్ళు పార్టీని వదులుకున్నట్టు. కాబట్టి ఇద్దరూ తియ్యలేదు. జాకబ్ ఒక్కడే రోజూ తొమ్మిదింటికొచ్చి, మూడో మెట్టు మీద చెప్పులు విప్పి, నాలుగో మెట్టు మీద కూచునేవాడు.

మాస్టారికి మొదట్లో హాయిగానే ఉంది. ఒక్క జతే కదా. గోడ పట్టుకోకుండా ఎక్కుతున్నారు. అప్పుడొచ్చింది చింతలపూడి నించి కూతురు ఇందు ఫోను. బ్యాంకులో ఏలూరు ట్రాన్స్‌ఫరైంది, పై వారం దాటాక సోమవారం జాయినవ్వాలి. అల్లుడు ఆనంద్ పాల్ దాని ముందు శనివారానికి లారీ మాట్లాడేశాడు.

"పైన ఖాళీయేగా నాన్నా?"

"ఖాళీయేనమ్మా. లోపలికెళ్ళడానికే లేదు."

"పగలగొట్టించెయ్యండి" అంది రాజకుమారి.

"ఏది ముందు? పైది పగలగొడితే పాపారావు మనుషులమంటారు, కిందిది పగలగొడితే అబ్బులు మనుషులమంటారు. ఈ వయసులో మనకి వర్గమెందుకు?"

"కూతురు సామాను గేటు బయట దింపుకున్నాక తెలుస్తుంది మన వర్గమేంటో."

ఆ ఆదివారమే చర్చి నించి వచ్చేసరికి పాపారావుగారు వరండాలో కూచునున్నారు. పక్కన బకెట్లో రెండు కొరమేనులు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"మాస్టారండీ, మీతో ఒక మాట. గురువారం నేను అవతలి పార్టీలో చేరుతున్నానండి. తాళం తీస్తే అబ్బులుగాడు నేను పారిపోయానంటాడు. ఇదిగోండి, తాళంచెవి మీ దగ్గరుంచండి. నాలుగు నెలలు పోయి జనం మర్చిపోయాక మీరే తీసెయ్యండి. వాడికి మాత్రం తెలియకూడదు. మీ మాట నమ్ముకుంటానండి."

తనేమో చర్చి పెద్ద, పైగా బకెట్లో చేప. మాస్టారు మాటిచ్చేశారు.

మంగళవారం అబ్బులుగారొచ్చారు. పాతిక కేజీల బియ్యం బస్తా స్కూటరు మీద నించి ఆయనే దింపారు.

"మాస్టారండీ, మీరు పెద్దవారు, మీ దగ్గర దాపరికమేంటండి. గురువారం నేను..."

"అవతలి పార్టీలోకి" అన్నారు మాస్టారు.

"ఎలా తెలిసిందండీ?"

"ఊహించానండి."

"పాపారావుకి చెప్పకండి. తాళం తీస్తే నేను పారిపోయానంటాడు."

మాస్టారు రెండో మాట కూడా ఇచ్చారు. చేపల పులుసు ఇంకా గిన్నెలో ఉంది, అందులోకి కొత్త బియ్యం అన్నం ఆ పూటే వండారు. తాళంచెవులు రెండూ టీపొడి డబ్బాలోకి చేరాయి. భోంచేసి చెయ్యి కడుక్కుంటుండగా ఆయనకి విషయం బోధపడింది.

"ఇల్లు మనది. తలుపు మనది. తాళంచెవులు రెండూ మన డబ్బాలోవే" అంది రాజకుమారి. "మరి తియ్యరేం?"

"తీస్తే ఇద్దరిచ్చారని ఇద్దరికీ తెలిసిపోతుంది. మాటిచ్చాను."

"ఒకే మాట ఇద్దరికిచ్చిన వాణ్ణి మిమ్మల్నే చూశాను. పార్టీలో ఉండాల్సిన మనిషండీ మీరు."

బుధవారం ఆయనకి అన్నం సయించలేదు. ఇందు రెండుసార్లు ఫోను చేసింది. "బీరువా మెట్ల మలుపులో తిరుగుతుందా నాన్నా?" అనడిగింది. "బీరువా తిరుగుతుందమ్మా" అన్నారు. మిగతాది చెప్పలేదు. డబ్బా మూత తీసి తాళంచెవులున్నాయో లేదో నాలుగుసార్లు చూసుకున్నారు. ఆ రోజు టీలో ఇనుము వాసన వచ్చింది.

గురువారం పదకొండింటికి మెట్ల మీంచి జాకబ్ పిలిచాడు. గొంతులో ఏ తేడా లేదు. "మాస్టారండీ, ఒకసారిలా వస్తారా."

ఫోన్లో వీడియో. విజయవాడలో స్టేజీ. పూలదండలు, డప్పులు. పాపారావుగారికి కొత్త కండువా కప్పుతున్నారు. ఆయన దణ్ణం పెట్టి పక్కకి జరిగితే, వెనకాల లైన్లో అబ్బులుగారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. లైట్లు పోతే ఎదురింట్లో పోయాయా అని చూస్తామే, సరిగ్గా ఆ చూపు. తర్వాత ఫొటోగ్రాఫర్ దగ్గరికి జరగమన్నాడు. జరిగారు. చేతులు కలిపి పైకెత్తారు.

మాస్టారు నాలుగో మెట్టు మీద, జాకబ్ పక్కనే కూలబడ్డారు. నాలుగు రోజులుగా గుండెల మీదున్న రెండు తాళాలూ వాటంతటవే ఊడినట్టనిపించింది. ఇంక ఎవరికి ఏం తెలియకూడదు? కిందికెళ్ళి డబ్బా పట్టుకొచ్చి గబగబా మెట్లెక్కారు. పైది తీశారు, కిందిది తీశారు. లోపలికి కాలు పెట్టబోతుంటే జాకబ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పులండి."

మాస్టారు తన ఇంటి తలుపు ముందు తన చెప్పులు విప్పి లోపలికెళ్ళారు. గోడమీద పెద్దాయన నవ్వుతున్నారు. మూల ఫ్లెక్సీల చుట్టలు, టేబులు మీద ఎండిపోయిన టీ గ్లాసులు, ప్లాస్టిక్ కుర్చీలు పది. జాకబ్ ఫొటో దింపి కండువాలో చుట్టుకున్నాడు. కుర్చీలు మాస్టారి వరండాలోకి దింపాడు. ఫ్లెక్సీ ఒకటి చింపి, శనివారం వానొస్తే ఇందుగారి పరుపుల మీద కప్పడానికి పనికొస్తుందని పక్కన పెట్టాడు.

శనివారం లారీ వచ్చింది. బీరువా మలుపులో తిరిగింది. రాజకుమారి రెండుసార్లు ఫినాయిల్ పెట్టి తుడిచింది. మాస్టారు ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిని, పాకకుండా, గోడ పట్టుకోకుండా, ఏ పనీ లేకపోయినా డాబా మీదికి మూడుసార్లు ఎక్కి దిగారు.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి మూడో మెట్టు మీద ఒక జత చెప్పులున్నాయి.

"ఏవండీ జాకబ్‌గారూ, ఆఫీసు లేదు కదండీ?"

"లేదండి. నిన్న ఆర్డరొచ్చిందండి." ఫోను చూపించాడు. జిల్లా అధ్యక్షుడిగా ఒక రాష్ట్ర అధ్యక్షుడు జాకబ్‌ని వేశారు. పది నిమిషాల తేడాలో రెండో రాష్ట్ర అధ్యక్షుడు కూడా జాకబ్‌నే వేశారు. ఇద్దరికీ ఇంకో మనిషి దొరకలేదు. అలా జిల్లాలో పార్టీ ఏకమైంది. "ఆఫీసు అడ్రసు అడిగారండి. పాతదే ఇచ్చానండి. నాకు గదేం వద్దండి, ఈ మెట్టు చాలు."

కాదనడానికి మాస్టారు నోరు తెరిచారు. అప్పటికే జాకబ్ గ్యాస్ బండ పై పోర్షన్లోకి మోసేశాడు. మధ్యాహ్నం స్కూలు నించి ఇందు కూతురు ప్రీతిని తీసుకొచ్చిందీ జాకబే. కరెంటు బిల్లుకి క్యూలో నిలబడిందీ అతనే. రాజకుమారి టీ మూడు గ్లాసులు పెడుతోంది. "అద్దెకుండే పార్టీ కన్నా ఈ పార్టీయే నయమండీ" అంటోంది.

అదీ సంగతి. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. పోయిన ఆదివారం మెట్ల మీద రెండు జతలున్నాయి. బుధవారం నాలుగు. ఇవాళ పొద్దున్న ఎనిమిది, అందులో ఒక జత లెదరువి, గణపవరం వైపు బురదతో. ఈ లెక్క ఎటు పోతోందో లెక్కల మాస్టారికి చెప్పక్కర్లేదు. ఇప్పుడే వద్దంటే గ్యాస్ బండ ఎవరు మోస్తారు? ఊరుకుంటే వచ్చే ఎన్నికలకి బీరువా ఎటు తిరగాలి? ఒకవేళ వీళ్ళు గెలిస్తే గేటు దగ్గరాగిన రోడ్డు ముందుకెళ్తుందేమోనని ఆయనకి లోలోపల ఆశ కూడా ఉంది, అది రాజకుమారిగారికి చెప్పలేదు. పక్కింట్లో ఉంటానని మాస్టారు నన్నడిగారు. నాకేం తోచలేదు. మీకు మేడ ఉంటే, మెట్లుంటే, వాటి మీద ఎవరైనా కూచునుంటే, ఏం చెయ్యాలో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి బాబూ. కొంచెం తొందరగా. తొమ్మిదో జత గేటు తీస్తున్న చప్పుడవుతోంది.