మూత తీసే రోజు

ఆ వీధిలో ప్రతి ఇంటి వెనకా ఒక సెప్టిక్ ట్యాంకు. ఇంట్లోంచి పోయిందంతా అందులోనే ఉండిపోతుంది, మాటలతో సహా. అన్నీ కాదులెండి, అనకూడనివి మాత్రమే. బరువు కదా, అడుక్కి చేరతాయి. మూడేళ్లకోసారి ట్యాంకరొచ్చి లాగుతుంటే, అన్నవాళ్ల గొంతుతోనే పైకొస్తాయి. ఇరుగుపొరుగు మర్యాదగా కిటికీలు మూసుకుంటారు. మూసుకుని చెవులు ఆనిస్తారు, అది వేరే సంగతి.

పక్క వీధివాళ్లు అదృష్టవంతులు. వాళ్లది మునిసిపాలిటీ డ్రైనేజీ. అందరివీ ఒకే గొట్టంలో కలిసి ఊరి చివరికి పోతాయి, ఏ మాట ఎవరిదో ఎవరికీ తెలీదు.

ఆ లైను ఈ వీధికీ వచ్చిందనగానే దర్జీ ఆవిడ అందరికంటే ముందు అర్జీ పెట్టేసింది. ఇన్‌స్పెక్టరు కాగితం చూసి, "ముందు పాత ట్యాంకు అడుగంటా లాగించి, ఇసుకతో పూడ్పించాలమ్మా," అన్నాడు.

"మూత తీయకుండా పూడ్చేస్తే పోదా అండీ?"

"భలేవారే! అదెలా కుదురుతుంది?"

ట్యాంకరు నడిపేది ఆవిడ సొంత అన్నయ్య. పదిహేనేళ్ల కిందట, ఈ ఇంటికొచ్చిన కొత్తలో, ఆయన పెరట్లో ట్యాంకు లాగుతుంటే పక్కింటావిడ వంటింట్లోకొచ్చి, "మీవాడా? పోలికలున్నాయే," అంది. సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ ఈవిడ, "ఛీ, అతనెవరో నాకేం తెలుసు," అనేసింది. అప్పట్నుంచీ ఆయన ఎప్పుడొచ్చినా "అమ్మగారూ" అని పిలిచి, వెనక సందులోంచే పని చూసుకుని పోయేవాడు. ఈ ట్యాంకొక్కటే రెండేళ్లకే నిండేది. బావమరిదని కూడా చూడకుండా పనిదొంగ అని మొగుడు తిట్టినా ఈవిడ నోరు మెదపలేదు.

మర్నాడు పొద్దున్నే ట్యాంకరొచ్చింది. ఇన్‌స్పెక్టరు గట్టు మీద నిలబడ్డాడు. కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. అన్నయ్య పైపు దించి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"లోపలికెళ్లిపోవే చిట్టీ. ఇంజను గట్టిగా పెడతాను, ఎవరికీ వినబడదు."

"నీకు... తెలుసా?"

"నేను మూత తీసి ఉండగానే కదే పడిందది. అందుకే ఎప్పుడొచ్చినా అడుగున జానెడు వదిలేసేవాణ్ని."

ఆవిడకి సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. పదిహేనేళ్లుగా తన మాటని తనకంటే జాగ్రత్తగా దాచింది ఈ మనిషా!

ఆయన వెళ్లి ఇంజను హోరెత్తించాడు. పైపు అడుక్కి చేరగానే ఆవిడ, "ఇంజనాపు అన్నయ్యా!" అని అరిచింది, వీధంతా వినేలా.

ఇంజనాగింది. ట్యాంకులోంచి లేత గొంతు ఖంగుమంది: "ఛీ, అతనెవరో నాకేం తెలుసు." కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పక్కింటావిడ తల దించుకుంది. ఈవిడ దించుకోలేదు, వినాల్సిందే అన్నట్టు నిలబడింది.

అన్నయ్య మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. "అప్పట్లో నీ గొంతు ఎంత సన్నగా ఉండేదే," అన్నాడు.

పైపు చుట్టి బండెక్కబోతుంటే ఆవిడ అడ్డం వెళ్లింది. "ఇంక ఇక్కడ నీకు పనుండదు. ఊరికే రా అన్నయ్యా, భోజనానికి రా."

ఆయన బండి మెట్టు మీద కాలు పెట్టినవాడల్లా వెనక్కి తిరిగాడు. "వీధి గుమ్మంలోంచేనా?"

పాపం, నిజంగానే అడిగాడు. ఆవిడ గబగబా ఇల్లు చుట్టి వెళ్లి, వీధి తలుపులు రెండూ బార్లా తీసింది.