తొమ్మిదిని పది అన్న పుస్తకం

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. రెండో తరగతి పిల్లలకు కొలతలు నేర్పడానికి పుట్టాను. ఏం నేర్పానో చెప్పాలంటే సిగ్గేస్తుంది. అయినా చెప్తాను, దాచుకునే హక్కు నాకు లేదు.

నన్ను గీసినవాడు నిక్కచ్చి మనిషి. నా చివరి పేజీలో ఒక గొంగళిపురుగును సరిగ్గా పది సెంటీమీటర్లు గీశాడు. పక్కనే స్కేలు బొమ్మ. కింద ‘ఇదే నిజమైన పొడవు’ అన్న మాట. తీరా ప్రెస్సుకు వెళ్తే, కాగితానికి నా పేజీ పెద్దదైంది.

“జర కుదించు. పిల్లలకేం తెలుస్తది?” అన్నాడు ప్రెస్సు ఓనరు.

పురుగు కుంచించుకుపోయింది, స్కేలూ కుంచించుకుపోయింది. ‘నిజమైన’ అన్న మాట మాత్రం చెక్కు చెదరలేదు. ఇక నా పురుగును నా స్కేలుతో ఎన్నిసార్లు కొలిచినా పదే! ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం సాక్షి.

బడిలో అనసూయ టీచరు నన్ను ఒళ్లో పెట్టుకుని చదివేది. ఒకరోజు వడ్రంగి వీరాచారి కూతురు మౌనేశ్వరి, వాళ్ల నాయన ఇనుప టేపు పట్టుకొచ్చింది. ఎవరూ అడగకుండానే పురుగు మీద పెట్టింది.

“టీచర్, ఇది తొమ్మిదే ఉన్నది!”

“పుస్తకం తప్పయితదానే? మీ నాయన టేపే సాగినట్టున్నది.”

ఇనుము సాగుతుందా అని ఒక్కరూ అడగలేదు. తరగతంతా గొల్లుమంది.

“గందుకేనా, మీ నాయన చేసిన తలుపు మా ఇంటికి పట్టలే!” అన్నాడు వెనక నుంచి ఒకడు.

ఆ పిల్ల టేపు చుట్టేసి కూర్చుంది. ఆ తర్వాత కొలతల క్లాసులో చెయ్యెత్తలేదు. నేనా? అచ్చయిన అబద్ధాన్ని కదా, తలెత్తుకునే కూర్చున్నాను.

ఈ మనుషులు కూరగాయల తక్కెడ ముందు ముల్లును గుచ్చి గుచ్చి చూస్తారు. అచ్చులో ఏది పడ్డా కళ్లు మూసుకుని నమ్ముతారు.

మూణ్ణెల్లకు బడికి కొత్త చెక్క స్కేలు వచ్చింది. టీచరు ఊరికే నా పురుగు మీద పెట్టి చూసింది. తొమ్మిది. మళ్లీ పెట్టింది. తొమ్మిదే. ఆమె ముఖం మాడిపోయింది. మర్నాడు అందరి ముందూ మౌనేశ్వరిని పిలిచి స్కేలు చేతికిచ్చింది.

“కొలిచి చెప్పు బిడ్డా.”

ఆ పిల్ల కొలిచింది. ఆమె కళ్లు తొమ్మిది దగ్గర ఆగడం నేను చూశాను. తలెత్తి టీచరును చూసింది, వెనక బెంచీని చూసింది.

“పది, టీచర్.”

“సరిగ్గ చూడు. అప్పుడు నువ్వన్నదే నిజం. తప్పు నాది, ఈ పుస్తకానిది.”

“పుస్తకంల ఎంతుంటే గంతే, టీచర్.”

టీచరు ఎర్ర పెన్ను తీసి, “ఈ ‘నిజమైన’ అన్న మాట నువ్వే కొట్టెయ్యే,” అని బతిమాలింది. మౌనేశ్వరి రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

నన్నెందుకు చింపెయ్యలేదు ఆ పిల్ల!