గుంత లేని మగ్గం గది

మా ఎమ్మిగనూరు మగ్గం గది ఫారిన్ పుస్తకంలో పడింది. మూడు పేజీల నిండా ఫొటోలు. ఆ గదిలో అప్పటికి ఒక్క మూర గుడ్డ కూడా నేయలేదన్న ముక్క మాత్రం ఎవరూ రాయలేదు.

కట్టించినవాడు శ్రీనాథ్ అనే ఆర్కిటెక్టు. పుట్టింది ఆదోనిలో, ఆఫీసు బెంగుళూరులో. వానకు మా పాత గది కూలితే, పైసా అడగకుండా సిమెంటుతో కొత్తది కట్టించాడు, కాదనను. కానీ పునాది తీయకముందే కెమెరావాళ్లు దిగారు. ఆయన మట్టి ముట్టుకుంటే ఒక ఫొటో, ఆకాశం కేసి చూస్తే ఇంకొకటి. నన్ను ఎవరిదో పట్టుచీర కట్టుకుని నవ్వమన్నారు. నేసేది నూలు, కట్టమనేది పట్టు. ఒళ్లు మండినా నవ్వాను.

తీరా గది తయారయ్యాక చూద్దును కదా, నేలంతా కాలు జారేంత నున్నటి సిమెంటు. మాది గుంత మగ్గం. నేల మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి, కింది చెక్కలు తొక్కుతూ నేస్తాం. ఆ గుంత చెమ్మ ఉంటేనే పడుగు దారం తెగకుండా నిలుస్తుంది. ఈయనేమో గోడల నిండా నిలువు సందులు పెట్టి, ఎండనూ వడగాలినీ లోపలికి పిలిచాడు.

“గుంత యాడప్పా?” అని అడిగాను.

“నేల పగలగొడితే అందం పోతుందక్కా. అవార్డు ఇచ్చేవాళ్లు వచ్చే నెల వస్తున్నారు. చూసిపోయేదాకా ఆగండి.”

వచ్చే నెల కాస్తా నాలుగు నెలలైంది. పదేళ్ల వయసు నుంచి ఆగని చేతులు నావి. ఊరికే కూర్చుంటే అన్నం కూడా సహించలేదు. ఇట్లాగే ఉంటే మగ్గం చెక్కలన్నీ పొయ్యిలో పెట్టుకోవాల్సిందేనని భయం పట్టుకుంది.

వాళ్లు ఎల్లుండి వస్తారనగా గడ్డపార తీశాను. మా ఆయన సుంకన్న అడ్డం వచ్చాడు.

“వద్దే ఈశ్వరీ. పాపం, ఊరికే కట్టిచ్చినాడు.”

“ఊరికేనా? మన గదిని దేశాలన్నీ తిప్పి పేరు తెచ్చుకుంటాండాడు. సరికి సరి. ఆ పక్క పట్టు.”

గుంత తవ్వి, మగ్గం నిలబెట్టి, పడుగు ఎక్కించాం. గోడ సందులకు తడి గోనెపట్టలు కట్టాం.

కారు దిగిన శ్రీనాథ్ ఆ గోనెలు చూడగానే మొహం మాడ్చుకున్నాడు. వెంట అవార్డు వాళ్లు పంపిన ఒక తెల్లావిడ కెమెరాతో, ఆయన ఆఫీసులో పనిచేసే మంజు. తెల్లావిడ గుంత దగ్గర గొంతుక్కూర్చుని ఏదో అడిగింది. శ్రీనాథ్ వెంటనే తేరుకుని ఇంగ్లీషులో దంచడం మొదలుపెట్టాడు.

“ఏమంటాండాడమ్మా?” అని మంజును అడిగాను.

మంజు తల దించుకుని మెల్లగా చెప్పింది. “మనిషిని నేలలోకి దింపాలన్నది మొదటినుంచీ ఆయన ఆలోచనేనంట అక్కా.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అట్లనా. అయితే దిగప్పా. నీ ఆలోచనే కదా, ఎట్ల నేయల్లో నువ్వే సూపిచ్చు. ఈయన నేస్తాడని ఆమెకూ సెప్పు మంజూ.”

మంజు చెప్పేసింది. తెల్లావిడ కెమెరా ఎత్తింది. కెమెరా ఎత్తితే కాదనడం ఆయనకు ఏనాడూ చేతకాదు. దిగాడు. ఒకదాని తర్వాత ఒకటి తొక్కాల్సిన రెండు చెక్కలూ ఒకేసారి తొక్కి, అడ్డదారం మోసే నాడె విసిరాడు. అది పడుగులో ఇరుక్కుని పది దారాలు పుటుక్కున తెగాయి. కెమెరా మాత్రం ఆగలేదు.

“లేయప్పా ఇంక,” అన్నాను.

నేను దిగి, తెగిన దారాలు ఒక్కొక్కటే ముడివేశాను. అంతసేపూ అందరూ నిలబడే ఉన్నారు. తెల్లావిడ రాసుకునే పుస్తకం తీసి మంజును ఏదో అడిగింది.

“నీ పేరు అడుగుతోంది అక్కా.”

“ఈశ్వరి. గుంత తవ్వింది నేనేనని గూడా రాయమను,” అని చెక్క తొక్కాను.