ఇస్త్రీ గదిలో గెట్

దిండు గలేబును బల్ల మీద పరిచి, నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టె ఆనించేలోపే ఆ మాట మళ్లీ నోట్లోకి వచ్చింది. గెట్. గెట్ అప్ అంటే లేవడం. గెట్ డౌన్ అంటే దిగడం. గెట్ వెల్ అంటే జబ్బు నయమవడం. గెట్ యాంగ్రీ అంటే కోపం రావడం. లేవడానికీ, దిగడానికీ, జబ్బుకూ, కోపానికీ ఏమిటి చుట్టరికం? ఏ తలమాసినవాడు కలిపాడు వీటన్నిటినీ? మడతాయనకు ఒళ్లు మండిపోయింది. పెట్టెను గలేబు మీద అవసరానికి మించి అదిమాడు.

అసలు పేరు ఏదో ఉంది గానీ, హోటల్లో అందరికీ ఆయన మడతాయనే. పొట్టి మనిషి. బరువైన పెట్టె తోసీ తోసీ కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి దిగింది. ముంజేతుల మీద పాత వాతలు నల్లబడిపోయాయి. పెళ్లి కాకముందు ఈ నేలమాళిగలోకి దిగినవాడికి ఇప్పుడు మీసం నెరిసింది. పక్కనే ఉతికే యంత్రాలు. ఆ హోరులో ఇక్కడ ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందుకని పనివాళ్లంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. పిడికిలి తిప్పితే ఆవిరి తగ్గించమని. అరచెయ్యి గుండె మీద పెట్టుకుంటే ఆ పని నేను చూసుకుంటానని. వేలు పైకి ఎత్తితే సరుకు మేడ మీదికి వెళుతుందని. అవతలివాడు మళ్లీ అడిగాడంటే సైగ కనబడలేదన్నమాట, ఇంకాస్త పెద్దగా ఊపాలి.

హోటల్ చేతులు మారింది. కొత్త యజమానులు ఉతుకుడంతా బయటి ఫ్యాక్టరీకి అప్పగించారు. ఈ సాయంత్రంతో కింది గది మూసేస్తారు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడగలిగినవాళ్లను మాత్రం పైన గదుల పనికి తీసుకుంటారట. ఆ పరీక్షకు మధ్యాహ్నం మడతాయన వంతు. తప్పితే ఇంటికే. ఈ వయసులో, ఈ వంకర భుజంతో ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు?

ఇంగ్లీషు నేర్పే భారం మరదలు నెత్తికెత్తుకుంది. భార్య చెల్లెలు, వాళ్లతోనే ఉంటుంది. రోజంతా ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడే ఉద్యోగం ఆమెది.

“బావా, ముందు ఈ గెట్‌ని పట్టుకో. ఇదొక్కటి వస్తే సగం ఇంగ్లీషు వచ్చినట్టే,” అంది మొదట్లో.

“సగం ఇంగ్లీషు రావడం కాదు, నా ప్రాణం పోయేలా ఉంది. తేవడమూ ఇదే, దొరకడమూ ఇదే, అర్థమవడమూ ఇదేనా? మరి మిగతా మాటలన్నీ గోళ్లు గిల్లుకుంటున్నాయా?”

“పాపం, దానికీ నీలాగే చాకిరీ ఎక్కువ. అన్నీ దాని మీదే పడేశారు.”

భార్య వంటగదిలో పడీపడీ నవ్వింది. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. ఇవాళ పొద్దున కూడా బూట్లు తొడుక్కుంటుంటే మరదలు, “గెట్ గోయింగ్, బావా,” అంది.

“ఇదెక్కడిది మళ్లీ? నిన్న లేదుగా!”

“బయల్దేరమని.”

“అయితే బయల్దేరమనే చెప్పు!” అని తలుపు ధడాలున వేసి వచ్చేశాడు. అనవసరంగా కసిరానే అని దారంతా బాధపడ్డాడు.

మధ్యాహ్నం పైకి పిలిచారు. తివాచీ పరిచిన గది. ఎంత నిశ్శబ్దమంటే తన ఊపిరి తనకే వినబడుతోంది. బల్ల అవతల ఒక అధికారిణి, వయసులో మరదలంత ఉంటుంది. నవ్వుతూ అడిగింది.

“ఎ గెస్ట్ సేస్, కెన్ యు గెట్ మి టూ మోర్ టవల్స్? వాట్ డు యు సే?”

అర్థమైంది! ఒక్క ముక్క జారిపోకుండా అర్థమైంది. అతిథి ఇంకో రెండు తువ్వాళ్లు తెచ్చిపెట్టమంటున్నాడు. ఇన్నాళ్లూ ఏడిపించిన ముండమోపి మాట ఇవాళ బుద్ధిగా ఒక్క అర్థంతో వచ్చి నిలబడింది. మడతాయన మొహం విప్పారింది. తడుముకోకుండా అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, రెండు వేళ్లు చూపించి, వేలు పైకెత్తాడు.

ఆమె కళ్లజోడు సర్దుకుని అదే ప్రశ్న మళ్లీ నెమ్మదిగా అడిగింది. కనబడలేదు కాబోలనుకున్నాడు ఆయన. కుర్చీ అంచుకు జరిగి, చేతులు ఇంకా పెద్దగా ఊపి చూపించాడు. ఇంతకంటే వివరంగా ఎవరు చెబుతారు?

“థాంక్యూ. ఇక వెళ్లండి,” అందామె జాలిగా.

సంబరంగా దిగుతూ వచ్చాడు. సగం మెట్ల మీద యంత్రాల హోరు చెవిన పడ్డాక తట్టింది, తాను నోరే తెరవలేదని. ‘ఎస్ మేడమ్, ఐ విల్ గెట్ ఇట్’ అని వల్లించి వల్లించి పెట్టుకున్నది గొంతులోనే ఉండిపోయింది.

“ఛీ, నా చేతులు పడిపోను!” అని తన్ను తానే తిట్టుకున్నాడు. వెనక్కి పరుగెత్తి తలుపు తోశాడు. లోపల అప్పటికే ఇంకొకడు కూర్చుని జవాబు చెబుతున్నాడు.

“మేడమ్... ఐ విల్... గెట్...” అన్నాడు రొప్పుతూ.

ఆమె తలెత్తకుండా, తలుపు మూసి వెళ్లమని చేత్తో సైగ చేసింది. ఆ సైగ ఆయనకు బాగానే అర్థమైంది.

సాయంత్రం మేస్త్రీ వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, “పైకి తీసుకున్నవాళ్లలో నీ పేరు లేదు, మడతాయనా,” అని అరిచాడు. ఆయన తలూపాడు. మిగిలిన దుప్పట్లు వదిలేసి పోయినా అడిగేవాళ్లు లేరు. అయినా వదల్లేదు. కోపం కోపంగానే అన్నీ పూర్తిచేసి, అంచుకు అంచు కలిపి మడతలు పెట్టాడు.

యంత్రాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గది బోసిపోయింది.

“వెళ్తున్నావా?” అన్నాడు బట్టలు ఆరబెట్టే ఆయన.

మడతాయన ఉలిక్కిపడి చూశాడు. “నీ గొంతు ఇంత సన్నగా ఉంటుందా? ఇన్నేళ్లయింది, ఇవాళే వింటున్నాను.”

“నీది మాత్రం? డొక్కు డప్పులా ఉంది.”

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. “ఉంటా మరి,” అన్నాడు మడతాయన. చొక్కా మార్చుకుని, వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

బల్ల మీద ఇస్త్రీపెట్టె ఇంకా గోరువెచ్చగా ఉంది. పిడికి చుట్టిన పాత తువ్వాలు పేలిక, పట్టు పడిన చోట నాలుగు వేళ్ల మేర అణగి ఉంది.