వాకర్ సారు ఇంటిపేరు, మా ఇంటిపేరు

మా వినీతను ఒకటో తరగతిల చేర్పించెటందుకు ఎల్లారెడ్డిల కొత్తగ పెట్టిన ఇంగ్లీషు బడికి పోయి ఫారం తెచ్చుకున్న. తొమ్మిదో తరగతి కాంగనే నా చదువు బందయింది గాబట్టి ఫారం అంటేనే నాకు చెమటలు. పిల్ల పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు నింపిన. ఇంటిపేరు కాడ పెన్ను ఆగింది.

ఆధార్ కార్డుల, రేషన్ కార్డుల, అన్నిట్ల మా ఇంటిపేరు చాకలి. ఎన్నడో ఒక పట్వారి మా మామోళ్ల తాతను ఇంటిపేరు అడగకుండనే కులం రాసి పారేసిండట. దాంతోటి నాకైతే ఏ పంచాది లేకుండె. కని పోయినేడు అంగన్‌వాడీల ఒక పిల్ల, చీమిడి తుడుచుకున్న చేతిరుమాలు మా వినీత చేతుల పెట్టి, "ఉతుకు, మీరు చాకలోళ్లు గదా" అన్నదట. ఇది పోయి బోరింగు కింద ఉతికి, పిండి, ఆరేసి మరీ ఇచ్చింది. ఇంటికొచ్చి నాతోని సంబురంగ చెప్పింది, తెల్లగయిందని.

గప్పటి సంది నాకు ఒకటే గుబులు. ఇయ్యాల ఫారంల రాసిందే రేపు పదో తరగతి మెమో మీద వస్తది, దాని ఎనుక పెండ్లి పత్రిక మీద వస్తది. సోమారం నాలుగు గంటలలోపట ఫారం ఇయ్యాలె.

శుక్రారం పొద్దుగాల మా ఆయన మహేందర్ దుబాయి నుంచి ఫోన్ చేసిండు. ఆడ ఒక హోటల్ లాండ్రీల పని ఆయనది.

"ఇంటిపేరు మారుద్దమయ్యా. ఏదన్న మంచిది పెడుదం," అన్న.

"మా మేనేజర్‌ది పెట్టు. వాకర్," అని నవ్విండు. "ఇంగ్లండోడు. మొన్న చాయ్ తాగుకుంట చెప్పిండు. వాకర్ అంటే నడిచెటోడట."

"ఏడికి నడుస్తడు?"

"ఏడికీ పోడు, ఉన్నకాడనే. ఆల్ల దేశంల ఎనుకట ఉన్ని బట్ట నేసినంక, తొట్టిల ఏసి కాళ్లతోటి తొక్కెటోళ్లట. జిడ్డు పోవాలె, బట్ట దట్టం కావాలె. పొద్దుందాక తొట్టిల నడుసుడే పని. ఇదే పనోళ్లను దక్షిణం దిక్కు ఫుల్లర్ అంటరట, పడమటి మూలకు టక్కర్ అంటరట. ఈ సారు తాతలు ఉత్తరపోళ్లు, అందుకే వాకర్."

"అంటే మనసొంటోళ్లే."

"మనసొంటోళ్లే. ఇంకోటున్నది, బాపుకు చెప్పకు. తొట్టిల పోసేది నీళ్లు కావు, పులిసిన ఉచ్చ. ఇండ్లు తిరిగి కుండలల్ల జమ చేసెటోళ్లట."

చెప్పకు అంటే ఏం లాభం, ఫోన్ స్పీకర్ల ఉన్నది, మా మామ బాలమల్లు పక్కనే కూసొని బీడీ తాగుతున్నడు. ఫోన్ దిక్కు వంగిండు.

"ఎవలదిరా?"

"ఊరందరిది, బాపు."

మామ బీడీ ఆర్పి పక్కకు పెట్టిండు. "పులిసినదైతే జిడ్డు ఇడుస్తది, కాదనను," అన్నడు. "కని చౌడు మట్టి దొరకలేదా ఆల్లకు? నలభయ్యేండ్లు ఊరి మైల బట్టలు ఉతికిన, ఒక్కనాడు ఉచ్చల కాలు పెట్టలే. పద్మా, ఆ పేరు మనకొద్దు బిడ్డా. మన ఇజ్జత్ పోతది."

నేను నవ్విన గని గుబులు పోలే. "మరి ఆ వాకర్ సారును ఎవలన్న ఉతుకుమంటరా?" అని అడిగిన.

"ఆయన అంగీలు నేనే ఉతుకుత గదనే," అన్నడు మహేందర్. "చాతి మీద పేరు బిళ్ల ఉంటది. అది తీసి పక్కకు పెట్టి ఉతుకుత."

రెండు దినాలు నాకు అదే మాట. ఆ సారు పేరూ చాకలే, మా ఆయన పేరూ చాకలే. ఇద్దరూ ఒక్క లాండ్రీలనే ఉన్నరు. ఒకలు కుర్చీల కూసుంటరు, ఒకలు ఉతుకుతరు. పేరును బట్టే ఉతుకుడుంటే ఆ సారు గూడ మిషిని కాడ నిలబడాలె గదా.

సోమారం బడికి పోయిన. కౌంటర్ల నరేందర్ అని క్లర్క్ సారు ఉన్నడు. ఫారం చూసి, "ఇంటిపేరు ఖాళీగున్నదేంది?" అన్నడు.

"చాకలి, సార్."

అటిటు చూసి గొంతు తగ్గించిండు. "చెల్లె, ఉత్త 'సి' అక్షరం రాసి చుక్క పెట్టు. అందరు గట్లనే చేస్తరు."

"సి అంటే ఏందని ఎవలన్న అడిగితే పిల్ల ఏం చెప్పాలె?"

"ఏదో ఒకటి. చింతల అని చెప్పమను."

"దానికి ఐదేండ్లు సార్. ఇప్పుడే అబద్ధం నేర్పితే మల్ల అన్నీ నాకే చెప్తది."

పెన్ను పట్టుకున్న. మొత్తం అక్షరాలు రాసిన, చాకలి వినీత అని. రాసినంక ఆయన బల్ల మీద పేరు పలక చూసిన. ఎం. నరేందర్.

"మీ ఎం అంటే ఏంది సార్?"

ఆయన కాగితాలు సర్దిండు. సర్దినయే మల్ల సర్దిండు.

"మంగలి," అన్నడు.

"దాన్ని ఇంగ్లీషోళ్లు ఏమంటరో మా ఆయన సారును అడిగి చెప్త," అన్న. నోరు జారింది, తిడతడేమో అనుకున్న. తిట్టలే. పెద్ద రిజిస్టరు తెరిచి, మా పిల్ల పేరు పూర్తిగ, గుండ్రంగ రాసిండు.

"రేపు తొమ్మిదింటికి పంపు," అన్నడు.

భయపడుకుంటనే సరే అన్న.