పాపయ్యకు వేరే కంచం

శనివారం సాయంత్రం వరప్రసాద్ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు. కమలాకుమారి పప్పు ఎనుపుతోంది. ఆయన వాలకం చూడగానే ఆమె చెయ్యి ఆగింది.

"పోస్టింగ్ వచ్చిందా ఏంది?" అని అడిగింది.

"కాదు. పాపయ్య సంగతి." వరండాలో బొమ్మలతో ఆడుకుంటున్న కూతురు ప్రత్యూష వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "వాడికి ఎయిడ్స్ అంట కమలా. రక్తపరీక్షలో తేలింది."

పాపయ్యది చీరాల దగ్గర పల్లె. సైన్యంలో సిపాయి, పెళ్ళి కాలేదు. చుట్టరికం ఏమీ లేదు. ఢిల్లీ కంటోన్మెంటుకు వచ్చిన కొత్తలో, చర్చి మెట్ల మీద వరప్రసాద్ తెలుగులో మాట్లాడటం విని, "అన్నా, మనోళ్ళేనా?" అంటూ వెంటపడ్డాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం సాయంత్రం వీళ్ళ క్వార్టర్లో జరిగే ప్రార్థన కూడికకు రావటం, పాటలకు డోలక్ వాయించటం, నాలుగైదు తెలుగు కుటుంబాలూ వెళ్ళిపోయాక వీళ్ళతో కూర్చుని అన్నం తిని బారక్స్‌కు పోవటం అలవాటైంది. ఎంతకీ తగ్గని జ్వరంతో ఈమధ్యే మిలిటరీ ఆసుపత్రిలో చేరాడు. మలేరియా అనుకున్నారు అందరూ.

"నీతో చెప్పమని వాడే పంపాడు," అన్నాడు వరప్రసాద్. "'వదినకు తెలియకుండా ఆ ఇంట్లో తినలేనన్నా. తెలిసి కూడా రమ్మంటే వస్తా' అన్నాడు. రేపు ఔట్‌పాస్ ఇచ్చి సాయంత్రం దాకా బయటికి పంపుతున్నారంట."

"ఎట్టా వచ్చిందంట?"

"నేను అడగలేదు."

కమల పొయ్యి ఆపేసింది. పాపయ్య ఆసుపత్రిలో చేరకముందు ఒక ఆదివారం కళ్ళముందు మెదిలింది. ఎండలో ఆడి వచ్చిన ప్రత్యూష అతని చేతిలోని గ్లాసు లాక్కుని గటగటా నీళ్ళు తాగింది. ఇద్దరూ నవ్వారు. తనూ నవ్వింది.

"పాప వాడి గ్లాసులో నీళ్ళు తాగిందండీ."

"నేను డాక్టర్ని అడిగే వచ్చా. తిండితో రాదు, నీళ్ళతో రాదు, ముట్టుకుంటే రాదన్నాడు."

"డాక్టరు అట్టాగే చెప్తాడు. తాగింది ఆయన కూతురు కాదుగా."

వరప్రసాద్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బూట్లు విప్పుకున్నాడు. ఆ తరువాత నెమ్మదిగా, "రావొద్దని చెప్పనా?" అన్నాడు.

చెప్పండి అనే మాట కమల నాలుక చివరిదాకా వచ్చింది. "రమ్మనండి," అంది. అది ప్రేమతో అన్న మాట కాదని ఆమెకు తెలుసు. వద్దంటే రేపు కూడికలో నలుగురి మధ్య కళ్ళు మూసుకుని ప్రభువుతో ఏమని మాట్లాడాలో తెలియక అన్న మాట.

ఆ సాయంత్రమే సదర్ బజారుకు వెళ్ళి ఒక స్టీలు కంచం, ఒక గ్లాసు కొనుక్కొచ్చింది. కంచం అంచుకు గుండ్రటి చుక్కల వరస ఉంది. ఇంట్లో కంచాలన్నీ సాదావి. కలిసిపోకుండా ఉంటుందని ఏరి మరీ తెచ్చింది.

ఆదివారం ఉదయం ఆరాధనలో పాస్టరుగారి ప్రసంగం ఆమె చెవికెక్కలేదు. పాపయ్యకు ఈరోజు ఒంట్లో బాగా లేకపోతే, ఔట్‌పాస్ దొరకకపోతే బాగుండునని లోలోపల ప్రార్థిస్తోంది. ఏం అడుగుతున్నానో తెలిసి ఉలిక్కిపడింది. రోగంతో ఉన్న మనిషికి ఇంకాస్త రోగం ఇమ్మని అడుగుతోందా తను? తల దించుకుంది.

పాపయ్య వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయి, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. "వందనాలు వదినా," అని వాకిట్లోనే నిలబడ్డాడు.

"పాపయ్య అంకుల్ ఆ గయే!" అంటూ ప్రత్యూష పరిగెత్తింది. అతను రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక్కి పెట్టుకుని, "బాగున్నావా బేటా" అన్నాడు. ఎత్తుకోలేదు. పిల్ల తల్లి వైపు అయోమయంగా చూసింది.

కూడికలో ఎవరికీ ఏమీ తెలియదు. పాపయ్య డోలక్ ముట్టుకోలేదు, నీరసంగా ఉందన్నాడు. అందరూ వెళ్ళాక కమల అన్నం వడ్డించింది. కొత్త కంచం అతని ముందు పెట్టింది. పాపయ్య ఆ చుక్కల అంచును చూశాడు. పక్కనున్న వరప్రసాద్ కంచాన్నీ చూశాడు. తలవంచుకుని తిన్నాడు, మారు అడగకుండా తిన్నాడు.

తిన్నాక పాపయ్య తన కంచం, గ్లాసు తీసుకుని బయట పంపు దగ్గరికి వెళ్ళాడు. కమల వంటింటి కిటికీలోంచి చూస్తోంది. శుభ్రంగా తోమి, కడిగి, లోపలికి తేకుండా, వరండా గోడ మీద ఒక మూల బోర్లించాడు. గ్లాసును కంచానికి ఆనించి పెట్టి, ఎవరూ చూడలేదనుకుని, ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాడు.

కమల కిటికీ ఊచ పట్టుకుంది. అదే తీరుగా గ్లాసు కడిగిపెట్టే చేతిని ఆమె చిన్నప్పుడు చూసింది. తెనాలి అవతల వాళ్ళ ఊళ్ళో, బస్సులు ఆగే చోట టీ కొట్టు ఉండేది. ఊరి చివర పేట నుంచి వచ్చేవాళ్ళకు వేరే గ్లాసులు, చూరులో దోపి ఉంచేవాళ్ళు. నాన్న తన గ్లాసు తనే తీసుకుని, బయట నిలబడి తాగి, తనే కడిగి, మళ్ళీ చూరులో పెట్టేవాడు. ఆయన ఆదివారం తెల్లచొక్కా తొడిగి చర్చిలో నలుగురి ముందు నిలబడి వాక్యం చదివేవాడు. సోమవారం ఆ గ్లాసు కడిగేవాడు. దాని గురించి ఇంట్లో ఒక్కనాడూ మాట్లాడలేదు. ఆ కొట్టువాడు చెడ్డవాడని కూడా అనలేదు. కొట్టువాడు ఎప్పుడూ నవ్వుతూనే టీ పోసేవాడు మరి.

ఆ ఆలోచన ఆమెను వారమంతా వదల్లేదు. అయినా భయం పోలేదు. రెండూ ఒకే గుండెలో పక్కపక్కనే కాపురం పెట్టాయి.

బుధవారం ప్రత్యూషకు ఒళ్ళు కాలిపోయింది. కమల పిల్లను భుజానేసుకుని యూనిట్ దవాఖానాకు పరిగెత్తింది. లేడీ డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, "గలా ఖరాబ్ హై, బస్" అని, వట్టి గొంతు నొప్పేనని మందులు రాసింది. కమల కదల్లేదు. వచ్చీరాని హిందీలో, ఎయిడ్స్ ఉన్నవాళ్ళ గ్లాసులో నీళ్ళు తాగితే పిల్లలకు వస్తుందా అని అడిగింది. డాక్టరు తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. రాదంది. కలిసి తిన్నా రాదు, ఎత్తుకున్నా రాదు. కావాలంటే పిల్లకు పరీక్ష చేయిస్తాను గానీ అవసరం లేదని ఓపికగా చెప్పింది.

బయటికి వచ్చేసరికి తలుపు పక్క బెంచీ మీద హైమవతి ఉంది. సుబేదారు భార్య. కూడికలో పెద్దది, కమల కంటే బాగా ప్రార్థన చేస్తుంది. హిందీ కూడా కమల కంటే బాగా వచ్చు.

"ఎవరికి కమలా ఆ రోగం?" అంది సూటిగా.

ఎవరికీ లేదు, ఊరికే అడిగానని చెప్పటం ఎంతో తేలిక. ఆ మాట అంటే అక్కడితో అయిపోయేది. కానీ పాపయ్య చెప్పకుండా తినలేనన్నాడు. ఆ మనిషి కోసం తను అబద్ధమాడటమా?

"చెప్పలేను అక్కా. అది నేను చెప్పేది కాదు."

"మన కూడికలో ఉన్నవాళ్ళేనా? అదైనా చెప్పు. నాకూ పిల్లలున్నారమ్మా."

"డాక్టరు రాదంది. నువ్వూ విన్నావు గదా."

హైమవతి ఇంక అడగలేదు. చిక్కిపోయిన పాపయ్యను ఆమె మొన్న ఆదివారం చూసింది. లెక్క కట్టుకోవటానికి ఎంతసేపు?

ఆ ఆదివారం కూడికకు ఒక్క కుటుంబమూ రాలేదు. పరిచిన చాప మీద వరప్రసాద్, కమల, పిల్ల, పాపయ్య. పాపయ్య చాపను చూసి అంతా గ్రహించాడు.

"నా మూలాన మీ కూడిక పోయింది వదినా. నేను ఇంక రాను," అని లేచాడు.

"కూర్చో," అంది కమల. అంత గట్టిగా అన్నందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

వంటింట్లోకి వెళ్ళి, విడిగా పెట్టిన ఆ కంచాన్నీ గ్లాసునూ తీసుకుంది. చాలాసేపు చేత్తో పట్టుకుని నిలబడింది. ప్రభువా, డాక్టరు మాట నిజమై ఉండాలి, నా పిల్లను చూసుకో అనుకుంది. వాటిని మిగతా గిన్నెల మధ్యకు తోసి, అన్నీ కలిపి కడిగింది. సాదా కంచాల్లో ఒకటి పాపయ్య ముందు పెట్టి, చుక్కల అంచు కంచంలో తను వడ్డించుకుంది. వరప్రసాద్ తల వంచుకుని ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. పాపయ్యే పూర్తిచేశాడు.

ప్రత్యూష అలవాటుగా వెళ్ళి పాపయ్య ఒళ్ళో కూర్చుంది. అతను చేతులు గాల్లో పెట్టుకుని కమల వైపు చూశాడు. ఆమె పిల్లను చూసింది, అతని చేతులను చూసింది. "పట్టుకో, పడిపోద్ది," అంది.

ఆ తరువాత కూడా ఆమెకు భయం వచ్చేది. పిల్ల తుమ్మినా, దగ్గినా వచ్చేది. ప్రతి ఆదివారం వడ్డించే ముందు వచ్చేది. వచ్చినా వడ్డించేది.

చలి మొదలయ్యాక ఒకరోజు హైమవతి ఒంటరిగా వచ్చి చాప చివర కూర్చుంది. పాటలు పాడింది. టీ ఇస్తే వద్దంది. వెళ్ళేటప్పుడు పాపయ్యతో, "స్వెట్టరు వేసుకో అబ్బాయ్, మంచు పడుతోంది" అంది, దూరం నుంచే. కమల ఆమెను ఏమీ అనలేదు. గుమ్మం దాకా రావటానికి ఎన్నాళ్ళు పడుతుందో తనకు తెలుసు.

ఆ పూట అన్నం తింటూ పాపయ్య నాలుక చప్పరించి, "వదినా, పులుసులో ఉప్పు మర్చిపోయావు," అన్నాడు. జబ్బు సంగతి తెలిసినప్పటినుంచీ ఏది పెడితే అది తలవంచుకుని తిన్న మనిషి.

"ఉప్పు డబ్బా లోపల ఉంది, నువ్వే తెచ్చుకో," అంది కమల.

అతను లేచి వంటింట్లోకి వెళ్ళాడు.