నేనన్నది ‘ఏమో’ అని

వాటర్ ఫిల్టర్ వెనకాల ఒక సన్న గొట్టం ఉంటుంది. అది వదిలే పనికిరాని నీళ్ళ కింద బకెట్టు పెట్టడం, నిండగానే మార్చడం, ఆ నీళ్ళతో బండలు కడగడం మా ఇంట్లో నా పని. ఒకరోజు అట్లా బకెట్టు మారుస్తూ, సోఫాలో ఫోను చూసుకుంటున్న నా భర్త జయచంద్రతో అన్నాను.

"ఒక బిందె మంచినీళ్ళకి మూడు బిందెలు పారబోస్తాంది ఇది. వానలు పడే ఊర్లో కూర్చోని చేసినట్టుండారు. కరువు సీమకి నీళ్ళు తాగే మిషన్ అమ్మినారు సూడు."

అతను తలెత్తలేదు. విన్నాడని కూడా నేననుకోలేదు.

మర్నాడు ఆ మాట ఉరవకొండంతా విన్నది. జయచంద్రకి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల షాపు ఉంది. గిరాకీ లేని పూట కౌంటరు మీద ఫోను నిలబెట్టి వీడియోలు చేసేవాడు. ఛానల్ పేరు ‘నమ్మల్లా, వద్దా?’. అంతవరకూ చూసేవాళ్ళు మా చుట్టాలే. ఆ రోజు "కరువు సీమకి నీళ్ళు తాగే మిషన్ అమ్మినారన్నా!" అని చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఖాళీ గ్లాసు బోర్లించి చూపించాడు. ఆ ఆగడం అతనిది. గ్లాసు అతనిది. అనంతపురం నుంచి ఆదోని దాకా ఆ ముక్కను జనం ఒకరికొకరు పంపుకున్నారు. "ఏం బుర్రన్నా నీది" అని రాశారు. ఎవరో ఒకామె, "వదిన అదృష్టవంతురాలు, ఇంత తెలివైన మొగుడు దొరికినాడు" అని రాసి పక్కన పూలగుత్తి బొమ్మ పెట్టింది. నేను వంటింట్లో నిలబడి అవన్నీ చదివాను. నా మాట నాకన్నా అతని నోట్లోనే బాగుంది. అదే ఎక్కువ మండింది.

నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్స్ చెప్తాను. ఆ వారం హెడ్‌మాస్టర్ శ్రీరంగప్ప స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ అన్నాడు, "ఎస్తేరు మేడమ్, మీ సార్ వీడియో పిల్లోళ్ళకి సూపీండి. సైన్సంటే అట్ల చెప్పల్ల. మీరేమో పుస్తకం వదలరు." చూపించాను. నా క్లాసులో, నా మాటకి, గోడ మీద పెద్దగా కనబడుతున్న నా భర్తకి పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. కొట్టకపోతే బాగుండదు కదా.

అప్పటినుంచి అదొక అలవాటైపోయింది. నేను చపాతీలు వత్తుతూ ఏదో ఒకటి అంటాను, అతను నాలుగు రోజుల తర్వాత అది చెప్తాడు. హార్లిక్సు కన్నా గొప్పదని కొత్తగా వచ్చిన పొడి డబ్బా మీద ‘శాస్త్రీయంగా నిరూపితం’ అని ఉంటే, "ఎవరు నిరూపించినారు, ఎవరి మింద, ఆ ముక్క గూడా రాయల్ల కదా" అన్నాను. అదీ వీడియోలోకి పోయింది. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ పాత ఫోను మొండికేయడం గురించి అన్నది పోయింది. బట్టలు చూసి తనే ఆలోచించుకుంటుందట అని వాషింగ్ మిషన్ ప్రకటన వస్తే, "దానికి అంత తెలివుంటే, ఈ ఇంట్లో ఎవురి బట్టలు ఎవురు ఉతకల్లో గూడా చెప్పమను" అన్నాను. జయచంద్ర మొదటి సగం ఉంచి రెండో సగం తీసేశాడు. బాగా చూశారు జనం. నాకు మాత్రం, కన్నకూతురి జుట్టు ఎవరో సగానికి కత్తిరించి పంపినట్టు ఉండింది.

ఒకసారి అడిగాను. "ఇది ఎస్తేరు చెప్పింది అని ఒక్కతూరి అనొచ్చు కదప్పా?"

"మొగుడూ పెండ్లాల మధ్య నీదీ నాదీ ఏముండాది?" అని నవ్వాడు.

మా అత్త సారమ్మ మంచం మీద నుంచే అందుకుంది. "వానికి పేరొస్తే నీకు వచ్చినట్టు కాదా? దేవుడు మంచి మొగున్ని ఇచ్చినాడని ప్రార్థన చేసుకోకుండా, ఏంటికమ్మా నీకు ఈ కడుపుమంట?"

కడుపుమంట. సరైన మాటే అన్నది మా అత్త. నేను దానికి వేరే పేర్లు పెట్టుకుంటూ వచ్చాను. అలసట అనుకున్నాను, గ్యాస్ అనుకున్నాను. ఆదివారం గుడిలో మోకరించి, ప్రభువా, నా భర్త అభివృద్ధి చూసి సంతోషించే మనసు ఇయ్యి అని అడిగాను. ఆయన ఇవ్వలేదు. బహుశా అది ఆయనకీ న్యాయంగా అనిపించలేదేమో.

తర్వాత అశ్విని వచ్చింది. పక్క పల్లె అమ్మాయి, ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం కోసం చూస్తోంది. ఇద్దరుంటే వీడియో బాగుంటుందని జయచంద్ర పిలిపించాడు. షాపులో రద్దీగా ఉంటుందని మా హాల్లోనే షూటింగ్ మొదలుపెట్టారు. నేను స్కూలు నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా వాళ్ళకి కాఫీ పెట్టేదాన్ని. ఫ్యాను శబ్దం రాకూడదని కట్టేసేవాళ్ళు, కుక్కర్ విజిల్ రాకూడదని నా వంట ఆపేవాళ్ళు. అశ్విని మాత్రం, "అక్కా, నువ్వూ కూచ్చో" అనేది. గ్లాసులు తనే కడిగి పెట్టేది. మంచి పిల్ల. చెడ్డదైతే నాకు సులువుగా ఉండేది.

నా భర్త ఆ అమ్మాయిని వేరేగా చూస్తాడని కాదు నా బాధ. అట్లాంటిది ఏమీ లేదని నాకు తెలుసు. కెమెరా ముందు అతను ఆమె వైపు తిరిగి, "నువ్వేమంటావు అశ్వినీ?" అని అడిగేవాడు. ఆమె చెప్పేదాకా ఆగేవాడు. "ఈ పాయింటు అశ్వినిదన్నా, నాది గాదు" అనేవాడు. పదహారేళ్ళ కాపురంలో నన్ను ‘నువ్వేమంటావు’ అని అతను అడిగిన గుర్తు లేదు. ఆ వీడియో ముక్కని మళ్ళీ మళ్ళీ వెనక్కి జరిపి చూశాను. ఆమె జవాబు కోసం కాదు. అతను ఎదురుచూస్తున్నప్పుడు అతని ముఖం ఎట్లా ఉంటుందో చూడడానికి.

ఎండాకాలం మొదట్లో ఒక కంపెనీ ఆడవాళ్ళ ఆరోగ్యం కోసమంటూ చేసిన వాచీని పంపింది. నడక, నిద్ర, గుండె వేగం, అన్నీ లెక్కపెడుతుందట. జయచంద్ర దాన్ని డబ్బాలోంచి తీసి నా ముందు పెట్టాడు. "ఒక నెల కట్టుకో. యెట్లుండాదో చెప్తే సాలు, మిగతాది నేను సూసుకుంటా."

కట్టుకున్నాను. ఎగతాళి చేద్దామనే కట్టుకున్నాను కానీ, రెండు రోజులకే అది నా మీద ఆసక్తి చూపించడం నచ్చింది నాకు. సరిగా నిద్రపోలేదు అని చెప్పింది. ఆ మాట మా ఇంట్లో ఇంకెవరూ అనలేదు. అయితే కుళాయి వచ్చే రోజున, వీధి చివర నుంచి బిందెలు మోసుకొని మేడ మెట్లెక్కుతుంటే చేతికున్న వాచీ గజగజలాడింది. బిందె దించి చూశాను. ‘చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు. లేచి కాస్త నడవండి’ అని ఉంది. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత కోపమొచ్చింది. మరుసటి కుళాయికి వాచీని రెండో చేతికి మార్చి చూశాను. ఊగే చెయ్యైతే అడుగులు లెక్కపెడుతోంది. బిందెని చుట్టి పట్టుకున్న చెయ్యి ఊగదు కాబట్టి ఆ మనిషి కూర్చుందనుకుంటోంది. పక్కింటి పిల్లని ఎత్తుకున్నప్పుడూ అంతే. మా అత్తని పట్టుకొని బాత్రూమ్‌కి నడిపించినప్పుడూ అంతే.

వంకాయలు తరుగుతూ అదంతా జయచంద్రకి చెప్పాను. చివర, నాలో నేను అనుకున్నట్టుగా, "ఏమో, మగోళ్ళ మీదనే పరీక్ష చేసినారేమో" అన్నాను. ఏమో అన్నాను. రెండుసార్లు అన్నాను.

వీడియోలో ఆ మాట అశ్విని చేత చెప్పించాడు. ఆడపిల్ల చెప్తే బాగుంటుందని. "ఈ వాచీని మగవాళ్ళ మీద మాత్రమే పరీక్షించి ఆడవాళ్ళకి అమ్ముతాండారు" అని ఆ పిల్ల సూటిగా కెమెరాలోకి చూస్తూ అన్నది. బిందె సంగతి పొడుగవుతుందని తీసేశారు. ఏమో కూడా తీసేశారు. ఇక చూడాలి. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో వచ్చి, "చెల్లీ, మా మనసులో మాట చెప్పినావు" అని రాశారు. నేను పచ్చడి రుబ్బడం ఆపేసి చదువుతూ నిలబడ్డాను. చేతికున్న వాచీ వణికింది. గుండె వేగం ఎక్కువగా ఉంది, కాసేపు విశ్రాంతి తీసుకోండి అన్నది. ఆ ఒక్కటీ తప్పు చూపించలేదు.

వారం తిరగకముందే కంపెనీవాళ్ళు తమ పరీక్షల వివరాలు బయటపెట్టారు. పాల్గొన్నవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. తప్పుడు ప్రచారానికి క్షమాపణ చెప్పకపోతే కోర్టుకి పోతామని లాయర్ నోటీసు కూడా పంపారు. చప్పట్లు కొట్టిన చేతులే రాళ్ళెత్తాయి, అన్నీ అశ్విని మీదనే. ఆమె చదువు గురించి, ముఖం గురించి, రాయడానికి చెయ్యి రాని మాటలు రాశారు. నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

"అక్కా, అన్న ఫోన్ ఎత్తడంల్యా. విచారిచ్చినా అన్నాడు కదా అని చెప్పేసినా. మా నాయన ఇంగ ఇల్లు దాటొద్దంటాండాడు."

ఆమె ఏడుపు వింటుంటే నాలో ఏదో ఒక మూల చల్లగా అనిపించింది. ఉన్నమాట చెప్తున్నాను. తర్వాతే నాకు భయమేసింది, ఆ పిల్ల గురించీ, నా గురించీ.

ఆ సాయంత్రం జయచంద్ర పడకగదిలో తలుపేసుకొని క్షమాపణ వీడియో తీశాడు. నేను బయట ఆరేసిన బట్టలు మడతపెడుతున్నాను. తలుపు వెనక నుంచి అతని గొంతు స్పష్టంగా వినబడింది.

"ఈ మాట నాది గాదన్నా, అశ్వినిది గాదు. మాకు చెప్పింది మా ఇంటామె, ఎస్తేరు. సైన్స్ టీచర్ కదా అని నమ్మినా. ఇంట్లో ఆడోళ్ళ మాట విని చెప్పడం నాదే తప్పు."

ఎస్తేరు. పేరుతో సహా. అన్నాళ్ళు నేను దేనికోసం కుళ్ళిపోయానో అది వచ్చింది. నా చేతిలో అతని చొక్కా ఉంది. దాన్ని మడతపెట్టడం పూర్తిచేసి దొంతర మీద పెట్టాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు.

మర్నాడు స్కూల్లో శ్రీరంగప్ప పిలిచాడు. "మేడమ్, తల్లిదండ్రులు ఫోన్లు చేస్తాండారు. కొన్నాళ్ళు మీరు ఎనిమిదో తరగతి వరకే చెప్పండి. టెన్తు వేరేవాళ్ళకి ఇస్తాం." సరేనని వచ్చేశాను. ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే జయచంద్రని అడిగాను.

"నేను ఏమో అన్నా. అది ఎందుకు తీసేసినావు?"

"ఏమో అని చెప్తే ఎవరు సూస్తారే? గట్టిగా చెప్పల్ల."

"నీళ్ళ మిషన్ అప్పుడు గుర్తుకురాని నా పేరు ఇప్పుడెట్ల గుర్తొచ్చింది?"

అతను చిరాగ్గా ఫోను పక్కన పెట్టాడు. "ఆ పిల్లకి పెండ్లి కావల్ల. నాకు షాపుండాది, ఛానలుండాది, నలుగురిలో తిరిగేటోన్ని. నీకు పోయేదేముండాది సెప్పు? నీ పేరు ఎవరికి తెలుసు?"

అతను కోపంతో అనలేదు. లెక్క చెప్పినట్టుగా అన్నాడు, నిజంగానే నమ్మి. నాకు పోయేది ఏమీ లేదని అతనికి అనుమానమే లేదు. అన్నింటినీ అనుమానించే మనిషికి.

నేను పెరట్లోకి పోయి అశ్వినికి ఫోన్ చేశాను. "ఆదివారం గుడి అయినాక వస్తావా? మీ నాయనతో నేను మాట్లాడతా. నువ్వు మాట్లాడేది ఏమీ లేదు. ఫోను పట్టుకొని వీడియో తీస్తే సాలు. మాట్లాడేది నేను."

"ఏం మాట్లాడతావక్కా?" అన్నది భయంగా.

"తప్పు చెప్పినామని చెప్తా. ఎందుకు తప్పో చెప్తా. ఆ కంపెనీవోళ్ళని ఒకటి అడుగుతా. పరీక్షలో సగం మంది ఆడోళ్ళే, సంతోషం. వాళ్ళల్లో బిందె మోసినోళ్ళు ఎంతమంది? సంకలో పిల్లని ఎత్తుకున్నోళ్ళు ఎంతమంది? వాళ్ళ చేతులకి ఏ పనీ లేకుండా నడిపించి, ఇదే ఆడదాని నడక అంటే యెట్ల?"

 ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి, "వస్తాక్కా. మా నాయనని గూడా తీసుకొస్తా" అన్నది.

ఫోన్ పెట్టి తిరిగేసరికి గుమ్మంలో జయచంద్ర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. కళ్ళలో నాకు కొత్తగా కనబడిన ఆత్రం ఉంది. కోపం కాదది. మంచి సరుకు చూసినప్పుడు షాపువాడి కళ్ళలో ఉండేది.

"బిందె పాయింటు బాగుండాది ఎస్తేరూ. ఇంకేం చెప్పబోతాండావు? ముందు నాకు చెప్పు, సరిచేసి పెడతా."

అతను నా ముఖంలోకి చూస్తూ, నేను జవాబిచ్చేదాకా ఆగాడు. నేను అతన్ని దాటుకొని లోపలికి పోతూ అన్నాను.

"అందరితో పాటే విందువులే."